ఎవరి పాపం? ఎవరి బాధ్యత?



బిడ్డకు పెద్ద జబ్బు చేసినప్పుడు మన ఇండ్లలో రెండు ప్రశ్నలు పుడతాయి. ఏ డాక్టరు దగ్గరికి పోవాలన్నది మొదటిది. ఎవరి పాపం ఇట్లా తగిలిందన్నది రెండవది. మొదటి ప్రశ్నను అందరి ముందూ అడుగుతారు. రెండవదాన్ని వంటింట్లో గొంతు తగ్గించి అడుగుతారు. వచ్చిపోయే జ్వరమైతే ఈ రెండవ ప్రశ్న జ్వరంతో పాటే పోతుంది. జబ్బు పుట్టుకతో వచ్చినదై, ఒక బిడ్డను తీసుకుపోయి రెండవ బిడ్డలోనూ కనిపిస్తే మాత్రం అది ఇంటి నడుమ పీట వేసుకొని కూర్చుంటుంది.

"మా వంశంలో ఇట్లాంటిది ఎన్నడూ లేదు" అంటుంది అత్తగారు. ఆ ఒక్క మాటలోనే తీర్పు ఉంది. కోడలు తల వంచుకుంటుంది. ఆదివారం పూజకు వస్తుంది, దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తుంది. కాని తాను దేవుని శిక్షను మోస్తున్నానన్న భారం ఆమె మనసులోంచి దిగదు.

ఈ తీర్పు న్యాయమైనదేనా? ఎవరి తప్పూ లేకుండా ఇంత బాధ ఎట్లా వస్తుంది? తప్పు లేదని తేలితే ఇక మనకు చేయవలసిందేమీ లేదా? ఈ మూడు ప్రశ్నలను ఈ వారం కాస్త నిదానంగా ఆలోచిద్దాం. ఆలోచన గాలిలో తేలిపోకుండా ఒక అరుదైన జబ్బును ముందు పెట్టుకుందాం. దాని పేరు క్రానిక్ గ్రాన్యులోమేటస్ డిసీజ్. డాక్టర్లు పొట్టిగా సి.జి.డి. అంటారు. అమెరికా లెక్కల ప్రకారం సుమారు రెండు లక్షల కాన్పులకు ఒకరికి వచ్చే జబ్బు ఇది. మీలో చాలామంది దీని పేరు విని ఉండరు. కాని ఇది నేర్పే పాఠం ప్రతి ఇంటికీ పనికివస్తుంది.

మింగుతుంది, చంపలేదు

1882లో ఇటలీలోని మెస్సీనా పట్టణంలో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు కుటుంబంతో ఉండేవాడు. అద్దంలా లోపలంతా కనిపించే నక్షత్రచేప పిల్లలను ఆయన సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తూ ఉన్నాడు. పిల్లలకోసం చిన్న నారింజ జాతి చెట్టును క్రిస్మస్ చెట్టుగా అలంకరించిన తోటలోంచి ముల్లు తెచ్చి ఆ జీవి చర్మంలో గుచ్చాడు. మరునాడు పొద్దున చూస్తే ముల్లు చుట్టూ కదిలే కణాలు గుమిగూడి ఉన్నాయి. శరీరంలోకి పరాయి వస్తువు వస్తే దాన్ని చుట్టుముట్టి మింగే కాపలా కణాలు ఉన్నాయని ఆయన గ్రహించాడు. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

మన రక్తంలోని తెల్లకణాల్లో ఆ కాపలా పని చేసేవాటిలో ముఖ్యమైనవి న్యూట్రోఫిల్‌లు. ఎముకల లోపలి మూలుగ వీటిని రోజుకు సుమారు పది వేల కోట్ల చొప్పున తయారు చేస్తుంది. కాలికి ముల్లు గుచ్చుకున్నా, ఊపిరితిత్తుల్లోకి బూజు గింజ పోయినా ఇవి పరుగున చేరి శత్రువును మింగుతాయి. మింగిన తరువాత అసలు పని మొదలవుతుంది. కణం ఒక్కసారిగా ఆమ్లజనిని పీల్చుకొని, దానినుంచి ఘాటైన రసాయనాలు పుట్టించి లోపల ఉన్న క్రిమిని చంపుతుంది. ఈ పనికి ఒక ఎంజైము కావాలి. అది ముఖ్యంగా అయిదు ప్రోటీన్లు కలిసి పనిచేసే యంత్రం వంటిది. వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా యంత్రం కదలదు.

సి.జి.డి. ఉన్న బిడ్డలో జరిగేది ఇదే. కణాల లెక్కకు లోటు లేదు. అవి పిలుపు వింటాయి, పరుగెత్తుతాయి, క్రిమిని మింగుతాయి. చంపడం మాత్రం చేతకాదు. కొన్ని రకాల క్రిములు, బూజులు ఆ కణం కడుపులోనే బ్రతికి ఉంటాయి. చుట్టూ మరిన్ని కణాలు చేరి గడ్డలు కడతాయి. మెడలో, చంకలో బిళ్లలు కడతాయి. కాలేయంలో చీము గడ్డ, మళ్లీ మళ్లీ నిమోనియా, మానని కురుపులు కనిపిస్తాయి. కొన్నిసార్లు క్షయ అనుకొని నెలల తరబడి మందులు వాడతారు. పుట్టగానే వేసే బి.సి.జి. టీకా కూడా ఇట్లాంటి బిడ్డలో చిక్కు తేవచ్చు.

1957లో అమెరికాలోని మిన్నెసోటా డాక్టర్లు ఈ జబ్బును వివరించినప్పుడు పసితనంలోనే ప్రాణం తీసే రోగమని పేరు పెట్టారు. 1967లో అక్కడే ఈ కణాలు మింగుతాయి గాని చంపలేవని తేలింది. 1986లో ఒక ముఖ్యమైన రకానికి కారణమైన జన్యువును కనిపెట్టారు. ఇప్పుడు పరీక్ష ఉంది. పసుపు రంగు ద్రవంలో కణాలను ఉంచితే, ఆరోగ్యమైన కణం దాన్ని ముదురు నీలంగా మారుస్తుంది. జబ్బు కణం మార్చలేదు. ఇంతకంటే సున్నితమైన పరీక్షలు పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నాయి. క్రిములకు ఒక మందు, బూజుకు ఒక మందు రోజూ తప్పకుండా వాడితే చాలామంది బిడ్డలు పెద్దవారవుతారు. సరిపోయే దాత దొరికితే మూలుగ మార్పిడితో జబ్బు నయమయ్యే అవకాశం ఉంది.

లేమి అనే అనర్థం

గురువిద్యాలయాల్లో తత్త్వశాస్త్రం చదివేవారికి చెడు అంటే ఏమిటన్న పాఠం తప్పక వస్తుంది. పునీత అగుస్తీను, ఆయన తరువాత పునీత తోమాసు అక్వినాసు చెప్పిన సమాధానం ఇది: చెడు అనేది స్వయంగా ఒక వస్తువు కాదు. ఉండవలసిన మంచి లేకపోవడమే చెడు. రాయికి చూపు లేకపోతే అది లోపం కాదు, ఎందుకంటే చూపు రాయికి చెందినది కాదు. కంటికి చూపు లేకపోతే అది లోపం.

ఈ మాట విద్యార్థులకు పొడిగా అనిపిస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఇది చెపితే ఆమె కన్నీరు ఆగదు, నిజమే. అయినా సి.జి.డి. కణాన్ని చూడండి. దానిలో పిశాచం లేదు, విషం లేదు, ఎవరో పెట్టిన చేతబడి లేదు. ఒక ప్రోటీను లేదు. ఉండవలసిన చోట ఉండవలసినది లేదు. మిగిలిన కణమంతా దేవుడు చేసిన మంచి కణమే. క్రిమి వైపు అది పరుగెత్తే తీరులో ఏ లోటూ లేదు.

దీనివల్ల మనకు తెలిసేదేమిటి? లేమిని నింపాలి, లేదా దాని చుట్టూ కంచె కట్టాలి. లేమిని తిట్టి ప్రయోజనం లేదు, దానికి తాయెత్తు కట్టి ప్రయోజనం లేదు. తిరుసభ సత్యోపదేశం భౌతికమైన చెడును, నైతికమైన చెడును వేరు చేసి చూపుతుంది. మొదటిది ఇంకా పరిపూర్ణత చేరని సృష్టిలో కలిగే లోటు. రెండవది మనిషి తన స్వేచ్ఛను చెడుగా వాడినందువల్ల కలిగేది. కణంలోని లోపం మొదటి కోవకు చెందినది. కోడలిని దోషిగా నిలబెట్టడం రెండవ కోవకు చెందినది. మనం తరచుగా మొదటిదాన్ని పాపమంటాం, రెండవదాన్ని గమనించనే గమనించం.

మూడు నాలుగు తరాల మాట

కొందరు విశ్వాసులు నిర్గమకాండాన్ని ఎత్తి చూపుతారు. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకు వస్తుందని అక్కడ ఉంది కదా అని అడుగుతారు. వంశపారంపర్య రోగం గురించి వినగానే ఈ మాట వారికి రుజువు దొరికినట్లు అనిపిస్తుంది. కాని అదే బైబిలులో యెహెజ్కేలు ప్రవక్త పదునెనిమిదవ అధ్యాయంలో ఇట్లాంటి సామెతనే పట్టుకొని, ఇక దాన్ని పలకవద్దని ప్రభువు పేర శాసించాడు. ఎవరి దోషానికి వారే జవాబుదారి అని తేల్చాడు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు ఆ పాత ప్రశ్ననే అడిగారు. క్రీస్తునాథుడు ఆ మనిషి మీదనుంచీ, అతని తల్లిదండ్రుల మీదనుంచీ ఆ నింద తీసివేశాడు. తరువాత ఊరుకోలేదు, నేల మీద ఉమ్మి మట్టి కలిపి అతని కండ్లకు పూసి కోనేటికి పంపాడు. నింద తీసివేయడం, చేయవలసిన పని చేయడం, ఈ రెండూ ఆ చోట కలిసే ఉన్నాయి.

జన్యుశాస్త్రం చెప్పేది కూడా చూద్దాం. సి.జి.డి. రెండు దారుల్లో వస్తుంది. ఒక దారిలో లోపం తల్లి నుంచి కొడుకుకు వస్తుంది. తల్లికి సాధారణంగా ఈ జబ్బు ఉండదు. ఆమె పుట్టే ప్రతి కొడుకుకూ జబ్బు రావడానికి సగానికి సగం అవకాశం. ఆ లోపాన్ని ఆమె ఎంచుకోలేదు. తన తల్లి నుంచి వచ్చి ఉండవచ్చు, లేదా ఏ తరంలోనూ లేకుండా ఆమెలోనే మొదటిసారి పుట్టి ఉండవచ్చు. తన కంటి రంగుకు ఆమె ఎంత బాధ్యురాలో దీనికీ అంతే. రెండవ దారిలో లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ సమానంగా వస్తుంది. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, ఇద్దరిలోనూ దాగిన లోపం ఒక్కొక్కటి ఉంటుంది. ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశంతో రెండు లోపాలూ బిడ్డలో కలుస్తాయి. ఇక్కడ "మా వంశంలో లేదు" అన్న అత్తగారి మాట శాస్త్రపరంగానే తప్పు. ఆమె వంశం నుంచీ ఒక పాలు వచ్చింది.

నాలుగింట ఒకటి అన్న లెక్కను చాలామంది మరో విధంగా అర్థం చేసుకుంటారు. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురు క్షేమం అనుకుంటారు. అట్లా కాదు. ప్రతి కాన్పు వేరు లెక్క. ప్రతిసారీ నాలుగింట ఒకటే.

మేనరికం మాట

ఇక మన సీమలో తప్పించుకోలేని మాట ఒకటి ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారి మీది ఊళ్లు. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి గాని, అంతకుముందు అనంతపురం జిల్లావే. ఇక్కడ మేనమామకు అక్క కూతురినివ్వడం, మేనత్త కొడుకుకు చేసుకోవడం తరతరాల ఆచారం. దీన్ని వెక్కిరించడానికి నాకు మనసు రాదు. ఎరిగిన ఇంట్లో పిల్ల ఏడవకుండా ఉంటుందని తల్లి ఆశ. కట్నం పీడ తగ్గుతుందని తండ్రి ఆశ. రెండెకరాల వేరుశెనగ చేను ముక్కలు కాకూడదని తాత ఆశ. ఇవన్నీ ప్రేమలోంచి, పేదరికంలోంచి పుట్టినవే.

లెక్క మాత్రం ప్రేమకు లొంగదు. తాతలో లేదా అవ్వలో ఇట్లాంటి దాగిన లోపం ఒకటి ఉందనుకుందాం. వారి మనుమడు, మనుమరాలు పెండ్లి చేసుకుంటే ఆ లోపం ఇద్దరికీ చేరి, వారి బిడ్డలో రెండుగా కలిసే అవకాశం అరవై నాలుగింట ఒకటి. మేనమామ, అక్క కూతురు అయితే ముప్పై రెండింట ఒకటి. బయటి సంబంధమైతే అదే అరుదైన లోపం రెండవ వైపు కూడా ఉండడం చాలా తక్కువ. అందుకే మేనరికాలు ఎక్కువైన సమాజాల్లో సి.జి.డి. రెండవ దారిలో వచ్చేది ఎక్కువ. తల్లి నుంచి కొడుకుకు వచ్చే మొదటి దారికి మేనరికంతో సంబంధం లేదు.

భయపెట్టడం కూడా న్యాయం కాదు. ఏ దంపతులకైనా పుట్టుకలోపంతో బిడ్డ పుట్టే అవకాశం నూటికి రెండు మూడు ఉంటుంది. మేనత్త మేనమామ పిల్లల మధ్య పెండ్లి అయితే దానికి మరో రెండు మూడు కలుస్తుంది. అంటే మేనరికంలో పుట్టిన బిడ్డల్లో ఎక్కువమంది ఆరోగ్యవంతులే. ఇప్పటికే చేసుకున్నవారు తమ పెండ్లిని శాపంగా చూసుకోవలసిన పని లేదు.

తిరుసభ చట్టం 1091వ అంశం పక్క వరుస రక్తసంబంధంలో నాలుగవ అంతరం వరకు వివాహాన్ని అడ్డగిస్తుంది. మేనత్త మేనమామ పిల్లలు నాలుగవ అంతరంలో, మేనమామ అక్క కూతురు మూడవ అంతరంలో వస్తారు. తగిన కారణం ఉంటే పీఠాధిపతులు మినహాయింపు ఇవ్వవచ్చు. మన విచారణల్లో ఆ కాగితాన్ని ఒక లాంఛనంగా, గుడికి కట్టే రుసుములా చూసే అలవాటు ఉంది. ఇట్లాంటి నిషేధాన్ని మొదట పెట్టినవారికి జన్యువుల సంగతి తెలియక పోయినా, కుటుంబం తనలో తానే మూసుకుపోకూడదన్న వివేకం అందులో ఉంది. మినహాయింపు అడిగే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ ఇంట్లో పసిబిడ్డలు కారణం తెలియకుండా మళ్లీ మళ్లీ పోయారా? పోయి ఉంటే, కాగితం కంటే ముందు జన్యువైద్యుణ్ని కలవాలి.

తెలిసిన తరువాత

ఇంతవరకు చెప్పినదాన్ని ఒక మాటలో పెట్టవచ్చు. లోపం ఎవరి పాపమూ కాదు. కాని తెలిసిన సంగతి తెలిసినవాని మీద బాధ్యత మోపుతుంది. నేరం వెనక్కి చూస్తుంది, ఎవరు చేశారని వెదుకుతుంది. బాధ్యత ముందుకు చూస్తుంది, ఇప్పుడు ఎవరు చేయాలని అడుగుతుంది. నేరం లేని చోట కూడా బాధ్యత ఉంటుంది. దారిలో పడి ఉన్న గాయపడినవాణ్ని మంచి సమరీయుడు కొట్టలేదు, అయినా గాయాలు కట్టింది అతడే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒక ఇల్లు. మొదటి కొడుకు ఏడాది నిండకుండానే నిమోనియాతో పోయాడు. రెండవ కొడుకుకు చంకలో బిళ్లలు, కాలేయంలో గడ్డ. బెంగళూరులో పరీక్ష చేసి సి.జి.డి. అని, తల్లి నుంచి వచ్చే రకమని చెప్పారు. ఇంట్లో పెండ్లికి ఎదిగిన పిన్ని ఉంది, అంటే ఆ తల్లికి చెల్లెలు. ఆమెలో కూడా ఆ లోపం దాగి ఉండవచ్చు. సంబంధం కుదిరే దశలో ఉంది. ఇప్పుడు ఆ ఇంటివారు ఏం చేయాలి?

మొదటి బాధ్యత బిడ్డ పట్ల. మందు ఒక్క రోజు కూడా మానకూడదు. బిడ్డ బాగున్నట్లు కనిపించినప్పుడు మానేయాలనిపిస్తుంది, ప్రమాదం అక్కడే. గడ్డివామి, పెంట దిబ్బ, వేరుశెనగ పొట్టు కుప్ప, కూలిన పాత గోడ దుమ్ము, వీటి దగ్గర బూజు గింజలు ఎక్కువ. ఆ బిడ్డను అక్కడ ఆడనివ్వరాదు. జ్వరం వస్తే రెండు రోజులు చూద్దామనకుండా వెంటనే చూపించాలి. ఆ ఇంట్లో మరో బిడ్డ పుడితే బి.సి.జి. వేయకముందే డాక్టరుకు కుటుంబ సంగతి చెప్పాలి. దీన్ని విని మిగిలినవారు టీకాలు మానకండి. ఆరోగ్యమైన బిడ్డకు బి.సి.జి. రక్షణే, పైగా చుట్టుపక్కల పిల్లలందరూ టీకాలు వేయించుకుంటేనే ఇట్లాంటి బిడ్డకూ కొంత కాపు.

రెండవ బాధ్యత ఆ తల్లి పట్ల. భర్త అందరూ వినేటట్లు ఒక మాట చెప్పాలి: "ఇది దాని తప్పు కాదమ్మా. ఇంకెవరూ ఆ మాట ఎత్తొద్దు." ఈ మాట భర్త నోట రావాలి. గురువు చెప్పినా, డాక్టరు చెప్పినా దానికి ఆ బలం రాదు.

మూడవ బాధ్యత పిన్ని పెండ్లి విషయంలో. ఇక్కడ రెండు మంచి సంగతులు ఒకదాన్నొకటి ఢీకొంటాయి. అమ్మాయి పేరు వీధిలో పడకూడదు. వరుడు తెలియక పెండ్లిలోకి రాకూడదు. చాలా ఇండ్లలో మొదటిదాని కోసం రెండవదాన్ని బలి ఇస్తారు. "పెండ్లయ్యాక చూసుకుందాం" అంటారు. నీతిశాస్త్రం దీనికి ఒక దారి చూపుతుంది. సత్యం అందరికీ బాకీ లేదు, దాన్ని తెలుసుకునే హక్కు ఉన్నవానికి బాకీ ఉంది. వీధికి ఆ హక్కు లేదు. చుట్టాలకు, సంబంధం తెచ్చిన పెద్దమనిషికి కూడా లేదు. ఆమెతో బిడ్డలను కనబోయే మనిషికి ఉంది. కాబట్టి ముందు అమ్మాయి తన ఇష్టంతో పరీక్ష చేయించుకోవాలి. లోపం లేదని తేలితే చెప్పవలసింది ఏమీ లేదు. ఉంటే, మాట ఖాయం కాకముందు, అమ్మాయి సమ్మతితో, అతనికి మాత్రమే చెప్పాలి. అతడు కాదనవచ్చు. అది నొప్పే. కాని దాచి చేసిన పెండ్లిలో మొదటి బిడ్డకు జబ్బు కనబడిన రోజు వచ్చే నొప్పి దీనికంటే పెద్దది. కాపురాన్ని తీవ్రంగా భంగపరచగల సంగతిని మోసంతో దాచి పొందిన సమ్మతి చెల్లదని తిరుసభ చట్టం 1098వ అంశం అంటుంది. ఏ సందర్భం దాని కిందికి వస్తుందో తేల్చడం న్యాయపీఠం పని. కాని తిరుసభ సత్యాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో అందులో కనిపిస్తుంది.

అతడు విని కూడా చేసుకుంటానంటే? అట్లాంటి యువకులు మన విచారణల్లో ఉన్నారు, ఉంటారు. అతనికి తెలిసి చేసిన ప్రమాణం అది. అటువంటి ప్రమాణానికే పెండ్లి అని పేరు.

మరో బిడ్డ సంగతి

జబ్బు ఉన్న బిడ్డ తల్లిదండ్రులు మరో బిడ్డను కనవచ్చా అని అడుగుతారు. వారి బదులు గురువు జవాబు చెప్పకూడదు. తీవ్రమైన కారణాలు ఉన్నప్పుడు దంపతులు కొంతకాలం లేదా నిరవధికంగా బిడ్డలు వద్దనుకోవచ్చని, నైతిక ధర్మాన్ని పాటిస్తూ ఆ నిర్ణయం తీసుకోవచ్చని ఆరవ పౌలు పాపుగారు 1968లో హ్యుమానె వితె లేఖలో చెప్పారు. ఆ ఇంటి కారణం కంటే తీవ్రమైన కారణం వెదకనక్కరలేదు. మరో బిడ్డను ధైర్యంగా స్వీకరించినవారినీ ఎవరూ మూర్ఖులనకూడదు. గర్భంలోని బిడ్డను పరీక్షించి జబ్బు ఉంటే తీసివేయడం మాత్రం చికిత్స కాదు. రోగాన్ని తీసివేయకుండా రోగిని తీసివేయడం అది.

మూలుగ మార్పిడికి తోబుట్టువు సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. చిన్న అక్కో, అన్నో మూలుగ ఇస్తే కొద్ది వారాల్లో శరీరం దాన్ని మళ్లీ నింపుకుంటుంది. ఆ బిడ్డకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, భయం తీర్చి, తరువాత కూడా ఆ బిడ్డను మరచిపోకుండా చూసుకుంటే అది ఆ ఇంట్లో జరిగే గొప్ప దానం. కొత్త మూలుగ రోగి శరీరం మీద తిరగబడకుండా వాడే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. దాని పుట్టుకలో 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పాలు ఉంది. స్ప్రూ జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు పోయారు. ఆ దుఃఖం ఆయనను ఎవరి పాపమని అడిగించలేదు, ఈ రోగం ఎట్లా వస్తుంది, దేనితో పోతుంది అని అడిగించింది. 1948లో చనిపోయేలోగా ఆయన చేసిన పని ఇప్పటికీ ప్రాణాలు కాపాడుతోంది.

ఖర్చు సంగతి దాచలేం. నేతగాని ఇంటికి మూలుగ మార్పిడి ఖర్చు కొండంత. కేంద్ర ప్రభుత్వం 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానాన్ని ప్రకటించింది. ఒకసారి చికిత్సతో నయమయ్యే జబ్బుల వరుసలో సి.జి.డి.ని చేర్చింది. 2022లో చేసిన సవరణతో ఒక్కొక్క రోగికి యాభై లక్షల రూపాయల వరకు సాయానికి వీలు కలిగింది. దీనికి నిర్ణయించిన కేంద్రాల ద్వారా దరఖాస్తు చేయాలి. హైదరాబాదులో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. కలిసి ఒక కేంద్రం. బెంగళూరులో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్, ఇందిరా గాంధీ పిల్లల ఆసుపత్రి కలిసి మరొకటి. మన మూడు ఊళ్లకు బెంగళూరు రైలు దూరమే. జన్యువునే సరిదిద్దే చికిత్సలు కూడా మొదలయ్యాయి. 2025లో సి.జి.డి. రోగికి అట్లాంటి చికిత్స ఒకటి ఇచ్చారు. అది ఇంకా పరిశోధన దశలోనిదే, దాని కోసం ఇప్పటి మందులు ఆపకూడదు.

విచారణ చేయగలిగింది

ఇంత చెప్పాక మిగిలింది మన సంగతి, అంటే ఆ ఇంటి పక్కన ఉండేవారి సంగతి. జబ్బున్న బిడ్డ ఇంటికి మనం రెండు విధాలుగా పోవచ్చు. ఏదో పాపం జరిగి ఉంటుందన్న చూపుతో పోవచ్చు. అట్లా పోయేదానికంటే పోకపోవడమే మేలు. లేదా బెంగళూరు ప్రయాణానికి తోడుగా, మగ్గం ఆగిన వారంలో ఇంటికి బియ్యంగా, రెండవ బిడ్డను బడికి దించే చేయిగా పోవచ్చు. వివాహానికి సిద్ధపరిచే తరగతుల్లో కుటుంబ ఆరోగ్య చరిత్ర అడగడం అలవాటు చేయాలి. అక్కడ చెప్పిన సంగతి ఉపదేశి ఇంటికి గాని, యువజన సంఘానికి గాని పోకూడదు. రహస్యం నిలబడుతుందన్న నమ్మకం ఉంటేనే ఎవరైనా నిజం చెపుతారు.

దేవుడు ఎందుకు ఆ ఒక్క ప్రోటీను లేకుండా ఆ బిడ్డను పుట్టనిచ్చాడు అన్న ప్రశ్న మిగిలే ఉంది. తత్త్వశాస్త్రం చదివినంత మాత్రాన దానికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. యోబు స్నేహితులు జవాబు ఉందనుకొని మాట్లాడారు, దేవుడు వారినే మందలించాడు. వారు మొదటి ఏడు రోజులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నప్పుడే అతనికి నిజమైన స్నేహితులుగా ఉన్నారు. కాబట్టి ఆ ఇంటికి పోయినప్పుడు నోటికి వచ్చే మొదటి వివరణను ఆపుకుందాం. రాబోయే పరీక్ష ఏ రోజో, రైలు ఎన్ని గంటలకో, తోడుగా ఎవరు పోతున్నారో అడుగుదాం.